నిండింటి ఊలు

రోగం పేరు రోగికి చెప్పొద్దని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మంచికే చెప్తున్నామంటారు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఇది చదివి వినిపించండి. నాకిప్పుడు బాగానే ఉంది. ఆర్మూరు బజారంతా తిరిగొచ్చినా ఆయాసం రాదు. ఒంటికి బాగైంది కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు.

మాది పసుపు అడ్తి ఇల్లు. రైతులు తెచ్చిన పసుపు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో పెద్ద వాకిలి. నందిపేట నుంచి, బాల్కొండ నుంచి రైతులు బస్తాలు దింపి ఆ వాకిట్లోనే రాశులు పోసేవారు. కొమ్ములు గుమ్మరించినా దుమ్మే, జల్లెడ పట్టినా దుమ్మే. ఎండాకాలం వచ్చిందంటే ఉతికిన బట్టలు పసుపు, బిందెలో నీళ్లు పసుపు, ముక్కు చీదితే పసుపు. ఆ నెలల్లో ఇంటిల్లిపాదీ దగ్గుతాం. దాన్ని పసుపు దగ్గు అంటాం. దానికోసం డాక్టరు దగ్గరికి వెళ్తే నవ్వుతారు. బెల్లం ముక్క చప్పరించి వేడినీళ్లు తాగడమే మందు. తొలివాన పడి దుమ్ము అణిగితే దగ్గు దానంతట అదే పోతుంది.

ఎనభై ఆరు ఎండాకాలంలో నేనూ అందరితో పాటే దగ్గాను. వాన పడింది. అందరి దగ్గూ పోయింది, నాది పోలేదు.

"గింత పసుపు మింగినంక ఊకె పోతదా బిడ్డా, జర ఓపిక పట్టు," అంది మా అత్త. నేనూ అదే అనుకున్నాను. వేరే ఊళ్లో అయితే ఎవరైనా అనుమానపడేవారేమో. మా ఊళ్లో దగ్గును ఎవరు పట్టించుకుంటారు?

బతుకమ్మ నాటికి సాయంత్రం అయితే చాలు ఒళ్లు వెచ్చబడేది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆడుతూ ఆడుతూ మధ్యలోనే పక్కకొచ్చి అరుగు మీద కూలబడ్డాను. దీపావళి దాటాక మా ఆయన నన్ను నిజామాబాదులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆయన్ని లోపలికి పిలిచి, నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. రొమ్ము నాది, దగ్గు నాది, మాట్లాడుకునేది వాళ్లిద్దరూ. చాలాసేపు కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు.

బయటికొచ్చిన ఆయన ముఖం నల్లబడి ఉంది.

"ఏమన్నడు?"

"ఏం లేదట. లోపట పసుపు దుమ్ము పేరుకున్నదట. బలం గోలీలు రాసిండు. మంచిగ తిని, పనిజెయ్యకుంట కూసుంటే పోతదన్నడు."

"గంతేనా?"

"గంతే. ఫికర్ జెయ్యకు."

నాకు వచ్చింది క్షయ. టీబీ. ఆ సాయంత్రానికి మా అత్తకు తెలుసు, మా మరిదికి తెలుసు, ఆడబిడ్డకు తెలుసు. పుట్టింట్లో బాలింతగా ఉన్న మా యారాలు పుష్పకు, అంటే మా మరిది భార్యకు, బాల్కొండకు కబురు వెళ్లింది. తెలియంది నాకొక్కదానికే. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన నాతో అబద్ధమాడగా నేను చూడలేదు. నమ్మాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా అమ్మ ఊరికే అనేది కాదు.

మర్నాడే మా అత్త కొత్త స్టీలు కంచం, గ్లాసు తెప్పించింది. వాటి మీద నా పేరు చెక్కించింది కూడా. సులోచన. "ఇగ నీ కంచంల నువ్వే తినాలె బిడ్డా. బలం తిండి ఇంకొకరు ముట్టొద్దు." ఆ ఇంట్లో గిన్నెలన్నిటి మీదా మా మామ పేరే ఉండేది. నా పేరుతో ఒక చెంచా కూడా లేదు. నేను మురిసిపోయి ఆ కంచాన్ని ఎదురింటికి తీసుకెళ్లి చూపించి వచ్చాను. చూపించి వచ్చాను! తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

గోలీలు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా వచ్చింది. గుండె జారిపోయి మా అత్తతో చెప్పాను.

"పసుపు పాలు తాగుతున్నవ్ గదనే. గదే దిగుతున్నది. మంచిదే."

నేను అంకాపూర్ బిడ్డను. పసుపు చేన్ల మధ్య పెరిగాను. పసుపు పాలు తాగని చలికాలం లేదు. పసుపు ఎర్రగా ఎలా దిగుతుందని ఒక్కసారైనా అనుకోవాలా వద్దా? అనుకోలేదు. ఆ ఇంట్లో దేనికైనా జవాబు పసుపే.

ఇక ఊలు సంగతి. బళ్లో ఒక టీచరమ్మ నాకు అల్లిక నేర్పింది. ప్రతి చలికాలం ఇంట్లో మగవాళ్లకు స్వెటర్లు నేనే అల్లేదాన్ని. మా ఆయనకు ముదురు నీలం, మరిదికి మట్టిరంగు, మామ బతికున్నప్పుడు ఆయనకు బూడిద రంగు మఫ్లరు. ప్రతిదాంట్లోనూ ఒక ఉండో అర ఉండో మిగిలేది. అవన్నీ ట్రంకు పెట్టెలో వేపాకుల మధ్య దాచేదాన్ని. పని చెయ్యొద్దన్నారు, వంటింట్లోకి రావొద్దన్నారు. చేతులు ఊరుకుంటాయా? పెట్టె తెరిచాను. మిగిలిన ఊలుతో పెద్దవాళ్లకు ఏదీ పూర్తిగా రాదు. పసిపిల్లల టోపీకి, కాళ్ల సాక్సులకు సరిపోతుంది. రంగు అయిపోయిన చోట ఇంకో రంగు ముడివేస్తే చార చారలుగా అందంగా కూడా ఉంటుంది. మాకు పిల్లలు కాలేదు కాబట్టి ఊరి పిల్లలకు అల్లి ఆశ తీర్చుకుంటోందని కొందరు జాలిపడేవారు. వాళ్ల జాలి వాళ్లే ఉంచుకోనీ. నాకు అల్లడం ఇష్టం.

ఎదురింట్లో లలిత ఉండేది. భర్త బహ్రెయిన్‌లో పని. ఇంట్లో ఆమె, వాళ్లమ్మ. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక మూడోసారి మగపిల్లాడు పుట్టాడు. తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక, చేసే ముందు లలిత మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అక్కా, మా పిలగానికి టోపీ అల్లియ్యవా?"

"కొత్త ఊలు తెప్పిస్త తియ్యి. తెల్లది మంచిగుంటది."

"కొత్తది వద్దక్కా. మీ ఇంట్ల మిగిలిందే కావాలె. నువ్వే తొడగాలె."

ముందరివాళ్లు పోయాక పుట్టిన పిల్లలకు మా దిక్కు తొలి గుడ్డ కొత్తది తొడగరు. నలుగురూ చల్లగా ఉన్న నిండింటికి వెళ్లి, వాళ్లు వాడగా మిగిలింది అడిగి తెచ్చి తొడుగుతారు. ఆ ఇంటి ఆయుష్షు పిల్లకు అంటుతుందని నమ్మకం. పేరు కూడా భిక్షపతి అనే పెడతారు, దేవుడు బిచ్చమేశాడని. లలితా అదే పేరు పెట్టింది. పిల్లలు కాని దాని చేత్తో తొడిగిస్తావా అని వాళ్లమ్మ గొణిగితే, "మా అక్క చెయ్యి నాకు తెల్వదా?" అని లలిత కొట్టిపారేసిందట.

ఆమె అడుగుతున్నప్పుడు మా అత్త దుకాణం గడపలో కూర్చుని అంతా విన్నది. చేతిలో ఉన్న పసుపు కొమ్మును తిప్పి తిప్పి చూసింది. తర్వాత అన్నది: "అల్లియ్యి బిడ్డా. పోయి నువ్వే తొడిగి రా. పొద్దుపోతది నీకు."

అల్లాను. నీలం, మట్టిరంగు, పైన బూడిద రంగు కుచ్చు. తొట్టెల నాడు పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని, టోపీ తొడిగి, నుదుటి మీద ముద్దు పెట్టాను. ఆ రోజు నుంచి భిక్షపతి పగలంతా నా ఒళ్లోనే. లలిత నీళ్లకు వెళ్లినా, బట్టలకు వెళ్లినా వాణ్ని నాకే ఇచ్చిపోయేది. వాడికి సాక్సులు, చేతి తొడుగులు, బొడ్డు దాకా వచ్చే చిన్న స్వెటరు అల్లాను. వాడు నా గడ్డం పట్టుకుని చీకేవాడు.

చలికాలం నడిమిట్లో పుష్ప తన ఆడపిల్లతో బాల్కొండ నుంచి వచ్చింది. మా ఇంటి పిల్ల. ఆ పిల్లకు పెట్టెలో అన్నిటికన్నా మెత్తని ఊలు తీసి అల్లి ఉంచాను. తీసుకుని ఎదురెళ్తే మా అత్త అడ్డం వచ్చి నా చేతిలోంచి అందుకుంది.

"ఎండకు ఏసి తొడుగుతం తియ్యి. పిల్ల పడుకున్నది."

పిల్ల ఎప్పుడూ పడుకునే ఉండేది. నేను వాకిట్లోకొస్తే పడుకునేది, పుష్ప గది గుమ్మం దగ్గరికెళ్తే పాలు తాగేది. ఒకసారి నూనె పెట్టారు, చల్లగాలి సోకకూడదన్నారు. ఇంకోసారి దిష్టి తీశారు, పొద్దుగూకేదాకా ఎవరూ ముట్టొద్దన్నారు. నేనల్లిన స్వెటరు ఆ పిల్ల ఒంటి మీద చూడలేదు. అడిగితే పుష్ప నేల చూస్తూ చెప్పింది.

"ఊలు గుచ్చుతున్నదక్కా. దద్దుర్లొచ్చినయ్."

నేను దాన్ని అడిగి తీసుకుని, మొత్తం విప్పి, లోపల మల్లుగుడ్డ కుట్టి మళ్లీ అల్లిచ్చాను. అదీ తొడగలేదు. పుష్పకు నేనంటే పడదేమో, పిల్లలు కానిదాని చెయ్యి తగలొద్దనుకుంటోందేమో అని ఏడ్చాను. ఏడుస్తూ ఎదురింటికి వెళ్లి భిక్షపతిని ఎత్తుకున్నాను. వెళ్తుంటే మా అత్త చూసింది. ఆపలేదు.

శివరాత్రి నాటికి నాకు బాగైపోయింది. ఆకలి వేసింది, జ్వరం పోయింది, గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలబడ్డాయి. ఆ గోలీలు వేసుకుంటే కడుపులో తిప్పేది. ఒక పొద్దున మా ఆయనతో చెప్పాను.

"ఇగ బలం చాలు నాకు. గోలీలు బంద్ జేస్త."

ఆయన షేవింగ్ చేసుకుంటున్నాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. నోరు తెరిచాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నోరు మూసుకున్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఈ వ్యాధి వచ్చినవాళ్లకు నేను చెప్పే ఒక్క మాట ఇక్కడే చెప్తాను. బాగైనట్టు అనిపించినప్పుడు గోలీలు ఆపకండి. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. నాకు ఆ మాట చెప్పేవాళ్లు లేక కాదు. చెప్పాల్సినవాడు అద్దంలోంచి చూస్తూ కూడా చెప్పలేదు.

ఎనభై ఏడు ఎండాకాలం. మళ్లీ రాశులు, మళ్లీ దుమ్ము, మళ్లీ అందరి దగ్గు. నా దగ్గు అందులో కలిసిపోయింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే నోట్లోంచి రక్తం పడింది. చూసి మా ఆయన వణికిపోయాడు. ఆ వణుకు నిజమే, కాదనను. గంటలో బస్సెక్కించాడు.

అదే డాక్టరు, అదే బెంచీ. ఈసారి జనం ఎక్కువ. మా ఆయన నా పేరు రాయించి, చాయ తాగొస్తానని బయటికెళ్లాడు. నా పక్కన నందిపేట దిక్కు ఆడమనిషి కూర్చుంది, బీడీలు చేస్తుందట. కొంగుముడి విప్పి గోలీలు చేతిలో పోసుకుని, కూజాలో నీళ్ల కోసం చూస్తోంది. ఎర్రటి గొట్టం గోలీ చూసి నేనే పలకరించాను.

"నాకు గూడ గదే ఇచ్చిండు. బలం గోలీ."

ఆమె నావైపు తిరిగింది. జాలిపడలేదు, నవ్వలేదు. "బలం గోలీ ఏందమ్మా, గిది టీబీ గోలీ. మూత్రం ఎర్రగ రాలే నీకు?"

వచ్చిందని తలూపాను.

"మరి గదే. నీకు చెప్పలేదా ఎవ్వరు?"

కూజా దగ్గరికెళ్లి నీళ్లు తెచ్చి ఆమే నాకు సగం గ్లాసు ఇచ్చింది. వద్దన్నాను, నేను తాగిన గ్లాసుతో తాగొద్దన్నాను. "ఇద్దరిదొక్కటేనాయె, తాగు," అంది. ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. పేరు చెక్కిన కంచం. వంటింట్లోకి రావొద్దనడం. ఎప్పుడూ పడుకుని ఉండే పుష్ప బిడ్డ. అక్కడిదాకా నాకు ఏడుపే వచ్చింది. తర్వాత భిక్షపతి గుర్తొచ్చాడు, నా గడ్డం చీకుతూ. వాడికి నెలరోజులుగా సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోంది. పండ్లొస్తున్నాయని లలిత అంటోంది. ఏడుపు ఆగిపోయింది.

తిరుగు బస్సులో అడిగాను.

"నాకేం రోగం?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పాలె. మీరు చెప్పిండ్రా?"

"పేరు వింటే సగం సస్తవనుకున్న. నీ మంచికే దాచిన."

"నా మంచికి దాచిండ్రు, సరే. మరి లలిత కొడుకు సంగతేంది?"

ఆర్మూరు స్టాండులో బస్సు ఆగగానే ఆయన నాకన్నా ముందు దిగాడు.

ఇంట్లో మా అత్తను అడిగాను. ఆమె కనీసం దాచలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడతది. నీ ఆడబిడ్డ సంబంధం మాటల్ల ఉన్నది. రైతులు మనింట్ల నీళ్లు తాగుతరు. బయట పడితే దుకాణం ఉంటదా?"

"పుష్ప బిడ్డను నా నీడ తాకనియ్యలే మీరు."

"పసిపిల్ల గదా మరి!"

"లలిత కొడుకు పసిపిల్లగాడు కాదా? పోయి నువ్వే తొడిగి రా అన్నది ఎవరు?"

"ఏం జెయ్యమంటవ్? పోవద్దంటే ఎందుకని అడుగుతవ్. ఆమె అడుగుతది. బజారంత అడుగుతది." గొంతు తగ్గించి అంది: "గయినా, వాళ్లు మనింటోళ్లా?"

పుష్ప తన గది తలుపు దగ్గర బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. తను ఏడుస్తోంది. తన బిడ్డను తను కాపాడుకుంది, దాన్ని తప్పుపట్టను. పిలిస్తే పలికేంత దగ్గర్లో ఇంకో తల్లి ఉందని తెలుసు కదా. ఒక్క మాట. ఎవరూ లేనప్పుడు, చెవిలో, ఒక్క మాట చెప్తే ఏం పోయేది?

లోకంలో ఎవరైనా మోసం చేస్తారు. నిండిల్లు అని నమ్మి అడిగినవాళ్లకు ఇలా చేసినవాళ్లని నేను చూడలేదు. కంచే చేను మేయడం వినడమే కాని, మా ఇంట్లోనే చూశాను.

నేను వాకిలి దాటుతుంటే మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పకు. పెండ్లి అయినంక చెప్తం. నేనే చెప్త."

"జరుగుండ్రి," అన్నాను. జరిగాడు.

లలిత గుమ్మంలోనే పిల్లవాడికి అన్నం పెడుతోంది. వాడు నన్ను చూసి చేతులు చాచాడు. నేను సందులోనే నిలబడ్డాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"లోపటికి రా అక్కా, గక్కడ నిలబడ్డవేంది?"

చెప్పాను. సందులోంచే, నిలబడే, అంతా చెప్పాను. నాకు ఈ రోజే తెలిసిందని చెప్పాను. మా వాళ్లకు ఎప్పుడు తెలుసో అదీ చెప్పాను. లలిత చేతిలో ముద్ద అలాగే ఉంది. కాసేపటికి దాన్ని కింద పెట్టి, పిల్లవాణ్ని ఎత్తుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. లోపల్నుంచి వాళ్లమ్మ శాపనార్థాలు వినిపించాయి. నిలబడి విన్నాను. ఆమె తిట్టినవాటిలో తప్పేమీ లేదు.

మర్నాడే లలిత వాణ్ని నిజామాబాదు సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. వాడికి అంటింది. మెడ పక్కన చిన్న గడ్డలు అప్పటికే లేచాయట.

ఆ రోజు నేను మా అన్న ఇంటికి అంకాపూర్ వచ్చేశాను. మా ఆయన వద్దనలేదు. అన్న ఒక గది ఖాళీ చేసి, రెండు కిటికీలూ తెరిపించాడు. మా వదిన గురించి నాలుగు మాటలు రాయాలి. ఆమె చదువుకోలేదు, నోరు పెద్దది. పొద్దున్నే వాకిట్లో నిలబడి వీధంతా వినిపించేలా పిలిచేది: "సులోచనా, టీబీ గోలీ ఏస్కున్నవా?" మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒకరోజు ఆపమని బతిమాలాను.

"ఎందుకాపాలె? దాస్తే ఏమయిందో చూసినవ్ గదా," అంది. "నీ గోలీ నువ్వు మర్సినా, ఈ గల్లీల ఎవరో ఒకరు యాదికి చేస్తరు."

నిజంగానే చేసేవారు. పాలు పోసే ఆమె కూడా అడిగేది.

నెలనెలా దవాఖానకు వెళ్లేదాన్ని. లలిత కూడా కొడుకును తీసుకుని అక్కడికే వచ్చేది. పొడుగు బెంచీ మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను. మాటల్లేవు. నేను వాడి మెడ వైపే చూసేదాన్ని, గడ్డలు తగ్గాయా లేదా అని. వాడు చిక్కిపోయి ఉండేవాడు, కళ్లు పెద్దగా కనిపించేవి. నేను ఆకాశంలో ఉన్న దేవుళ్లందర్నీ మొక్కింది నాకోసం కాదు. నాకు ఏమైనా సరే, వీడు బతకాలి. ఇద్దర్ని పోగొట్టుకున్న తల్లి. మా ఇంటి ఆయుష్షు కోసం చెయ్యి చాచిన తల్లి. వీడికేమైనా అయితే నేను బతికుండి ఏం చేసుకోను?

ఒకసారి, మళ్లీ చలికాలంలో, వాడు బెంచీ మీద నుంచి దిగి తప్పటడుగులు వేసుకుంటూ నావైపు వచ్చాడు. లలిత దిగ్గున లేచి వాణ్ని లాక్కుంది. లాక్కుని, నా ముఖం చూసి, అక్కడే నిలబడిపోయింది.

"నీ మీద కోపం లేదక్కా," అంది. చాలా నెలల తర్వాత ఆమె నోటి నుంచి విన్న మొదటి మాట. "నీకూ తెల్వదాయె. గని చెయ్యి ఆగుత లేదు."

"ఆగొద్దు," అన్నాను. "గట్లనే లాక్కో. డాక్టరు చెప్పినంక చూద్దాం."

వాడికి నాకన్నా ముందే బాగైంది. గడ్డలు కరిగిపోయాయి, ఒళ్లు చేశాడు. ఆ మాట నర్సు చెప్పినప్పుడు లలిత బెంచీ ఆ చివర ఏడ్చింది, నేను ఈ చివర ఏడ్చాను. ఎనభై ఎనిమిదిలో నాకూ బాగైందన్నారు. ఇక ఎవరికీ అంటదు, నిశ్చింతగా ఉండమన్నారు.

మా ఆడబిడ్డ పెండ్లి ఆ మధ్యలోనే అయిపోయింది. మగపెళ్లివాళ్లకు నా సంగతి ముందే తెలుసట. వాళ్లింట్లోనూ ఎవరికో ఇదే వచ్చి పోయిందట. "గిదేమన్న దాసే రోగమా?" అన్నాడట పెళ్లికొడుకు తండ్రి. దేనికోసం దాచారో అది దాచకపోయినా జరిగేది. రైతులు ఇప్పటికీ మా వాకిట్లోనే నీళ్లు తాగుతున్నారు.

మా ఆయన వచ్చి రమ్మంటే ఆర్మూరు తిరిగొచ్చాను. వేరే దారి లేక కాదు, ఆ ఇంట్లో నా గది, నా వాటా ఉన్నాయి, వాటిని ఎందుకు వదలాలి? ఆయన మంచిగానే చూసుకుంటాడు. నాకు తలనొప్పి అంటే కారు మాట్లాడతాడు. ఒకసారి తప్పయిందన్నాడు కూడా. కానీ ఆయన "ఏం లేదు" అంటే నా ఒళ్లు జలదరిస్తుంది. మార్కెట్లో ధర పడిపోయి దిగులుగా వచ్చి "ఏం లేదు" అన్నా సరే. ఈ మనిషి నోటి నుంచి వచ్చిన ఏ మంచి మాటనూ ఇక నేను పూర్తిగా వినలేను. ఆయన దానికి బాధపడతాడు. పడనీ.

ఆ తర్వాత లలిత భర్త సెలవు మీద వచ్చి వెళ్లాడు. తొంభైల్లో ఒక చలికాలం ఆమెకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెలకు లలిత స్వయంగా మా ఇంటికి వచ్చి, మా అత్త ముందే నాకు బొట్టుపెట్టి పిలిచింది. భిక్షపతి ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు, బడి బట్టల్లో, ముందరి పన్ను ఊడి.

నేను బజార్లో ఒక గౌను కొన్నాను. ప్లాస్టిక్ కవరు చించకుండా అలాగే పట్టుకెళ్లాను. ఇల్లంతా ఆడవాళ్లు, పాటలు, ఎండుకొబ్బరి కుడుకలు, చక్కెర. లలిత కవరు చూసి నొచ్చుకుంది.

"కొన్నదా? నువ్వల్లింది తెస్తవనుకున్న."

"చెయ్యి రాలేదు లలితా."

ఆమె లేచింది. తొట్టెలోంచి పిల్లను తీసి, అందరూ చూస్తుండగా, వాళ్లమ్మ చూస్తుండగా, తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పాట ఆగిపోయింది. మళ్లీ ఎవరో అందుకున్నారు. పిల్ల పిడికిలి నా జాకెట్టు అంచు పట్టుకుంది. నేను దాని ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఎంత బాగుందో, ముక్కు అచ్చం లలితదే. కూర్చున్నాను, కూర్చున్నాను, కళ్ల ముందు నల్లగా అవుతోంది, ఎందుకో తెలియలేదు.

లలిత నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఊపిరి తీస్కో."

అప్పుడు తెలిసింది, పిల్ల ఒళ్లోకి వచ్చినప్పటి నుంచీ నేను ఊపిరి బిగబట్టే ఉన్నానని.

"నీకేం లేదని డాక్టరే చెప్పిండు గదా. తీస్కో అక్కా. ఏం గాదు."

"తీస్కుంట," అన్నాను. నా వల్ల కాలేదు. పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, ఆడవాళ్లను దాటుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి వచ్చి, అప్పుడు తీసుకున్నాను.